గట్టు మీద పడవ

కొత్తలంక కాలువ గట్టు మీద డెబ్బై ఎనభై ఏళ్ళుగా జనం సైకిళ్ళు తొక్కుతున్నారు. పాలవాళ్ళు క్యాన్లు తగిలించుకుని, కొబ్బరి దింపేవాళ్ళు మోకు భుజాన వేసుకుని, కొత్త పెళ్ళికూతుళ్ళు క్యారియర్ మీద ఒక పక్కకి కూర్చుని వెళ్ళారు. ఎవరూ ఎవరినీ అడగలేదు. ఆ గట్టు మీద సైకిలు తొక్కడం ఎంత హాయిగా ఉంటుందో ప్రభుత్వానికి తెలిసిన రోజున మాత్రం అది ఆగిపోయింది.

పెద్దవాళ్ళెవరో ఏదో దేశం వెళ్ళి, అక్కడి నది పక్కన గంటసేపు సైకిలు తొక్కి వచ్చారట. వచ్చిన వారానికే 'కాలువ గట్టు సైకిల్ విహార పథకం' పుట్టింది. పథకానికి ఒక ప్రత్యేకాధికారి, ఆయనకో జీపు, జీపుకో బోర్డు వచ్చాయి. ప్రత్యేకాధికారి మార్కండేయులు చెడ్డవాడు కాదు. నిబంధన కనిపించనిదే మంచినీళ్ళు కూడా తాగని మనిషి, అంతే. ఆయన కాలువల నిబంధనావళి మొత్తం తిరగేశాడు. గట్టు వాడుకునే హక్కు పడవలకూ, పడవలను తాడు కట్టి లాగేవాళ్ళకూ మాత్రమే ఉందని అందులో రాసి ఉంది. సైకిలు మాటే లేదు. కొత్త నిబంధన చేర్చాలంటే మూడు శాఖలు ఒప్పుకోవాలి. సైకిలు పడవే అనడానికి మాత్రం ఒక్క కాగితం చాలు. ఆయన ఆ కాగితం మీద సంతకం పెట్టాడు.

"కాలువ వెంబడి ఒకచోటి నుండి మరొకచోటికి మనుషులను చేరవేయు సాధనమేదైనను పడవయే యగును. సైకిలు అట్టి సాధనమైనందున, సదరు సైకిలు ఇకమీదట పడవగా పరిగణింపబడునని ఇందుమూలముగా తెలియజేయడమైనది."

ఈ సంగతి దివాకరానికి ఒక శనివారం పొద్దున్న ఆరున్నరకి, కొత్తలంక లాకు దగ్గర తెలిసింది.

కాలువ పై మట్టం నుంచి కింది మట్టానికి దిగేచోట పడవలు బోల్తా పడకుండా రెండు జతల తలుపులు పెట్టి, వాటి మధ్య నీళ్ళు నింపుతూ వదులుతూ పడవలని మెల్లగా దించే కట్టడం లాకు. ఆ తలుపుల పనీ గట్టు కాపలా పనీ చూసే ఉద్యోగిని లస్కరు అంటారు. కొత్తలంక లస్కరు నూకరాజు. వాళ్ళ నాన్న కూడా అక్కడే లస్కరు.

"ఎల్లడానికి లేదండి మేష్టారూ," అన్నాడు నూకరాజు, గట్టుకి అడ్డంగా కొత్తగా వేసిన వెదురుగడ పట్టుకుని. అతని మొహంలో తప్పు చేసినవాడి బాధ ఉంది. "సైకిలికి పడవ లైసెన్సు కావాలంట."

"సైకిలికా?"

"ఆయ్. నిన్నటేల నుంచి సైకిలు పడవైపోయిందండి."

దివాకరం తన సైకిలు వంక చూసుకున్నాడు. మార్పేమీ కనిపించలేదు.

ఆయన టౌనులో కాలేజీలో ముప్పై నాలుగేళ్ళు ఫిజిక్సు చెప్పి రిటైరయ్యాడు. ఇప్పుడు అరవై తొమ్మిదేళ్ళు. పెళ్ళయిన కొత్తలో, మాఘమాసంలో, భార్య హైమవతిని క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని, కాలువ సముద్రంలో కలిసే మొగ దాకా వెళ్ళాలని ఇదే సైకిలు మీద బయల్దేరాడు. ఈ లాకు దగ్గరికి వచ్చేసరికి ఎదురుగాలి. ధాన్యం పడవ ఒకటి వెళ్తుంటే సైకిలుతో సహా ఎక్కారు. అప్పటి లస్కరు వాళ్ళని పుస్తకంలో రాసుకున్నాడు కూడా. ఏడు కిలోమీటర్లు పోయాక చింతగుంట లాకు దగ్గర హైమవతికి కళ్ళు తిరిగాయి. "ఈ పడవ నావల్ల కాదండీ. మిగతాది ఇంకోసారి సైకిలు మీదే పోదాం," అంది. దిగి వెనక్కి వచ్చేశారు.

ఆ ఇంకోసారి రాలేదు. పరీక్షలు, పేపర్లు, చుట్టాలు, మోకాళ్ళ నొప్పులు. రెండేళ్ళ కిందట హైమవతి పోయింది. మిగిలిన తొమ్మిది కిలోమీటర్లు అలాగే ఉండిపోయాయి. వచ్చే సోమవారం దివాకరం మోకాలికి ఆపరేషను. ఆ తర్వాత సైకిలు ఎక్కితే తన దగ్గరికి రావద్దని డాక్టరు కచ్చితంగా చెప్పాడు. కనక ఈ శనివారమే. అందుకే ఆయన పొద్దున్నే లేచి, ఫ్లాస్కులో మజ్జిగ పోసుకుని, టైర్లలో గాలి కొట్టించుకుని వచ్చాడు.

"లైసెన్సు ఎక్కడిస్తారు?"

"ఇక్కడేనండి. ఇవాళే ప్రారంభం. సార్ పదింటికొస్తారు. ఆ బోర్డు నీడలో కూకోండి, టీ తెస్తాను."

'సైకిలు విహారానికి స్వాగతం' అని రాసిన బోర్డు అది. దాని కిందే 'సైకిళ్ళకు ప్రవేశం లేదు' అని ఇంకోటి. రెండూ కలిసి మంచి నీడ ఇస్తున్నాయి. దివాకరం అక్కడ కూర్చున్నాడు. టీలో అల్లం పడింది.

"సాయంత్రంతో కాలువ మూసేత్తారండి, ఎండాకాలం గదా," అన్నాడు నూకరాజు. "మళ్ళీ నీళ్ళొదిలేది జూన్లోనే. నీళ్ళు లేపోతే పడవలు తిరగకూడదు."

"అంటే సైకిళ్ళు?"

"అవీ తిరగకూడదండి."

పదింటికి రావలసిన మార్కండేయులు పదింటికే వచ్చాడు. లాకు బంగళా వరండాలో బల్ల వేయించి, ఫారం ముందు పెట్టుకున్నాడు.

"పడవ పొడవు?"

"ఆరడుగులుంటుందండి."

"వెడల్పు?"

"హ్యాండిల్ దగ్గరా, సీటు దగ్గరా?"

"గరిష్ఠ వెడల్పు."

"రెండడుగులు."

"ఎత్తు?"

"మూడడుగులు, సీటు వరకూ."

"మునక లోతు? అనగా నీటిలో ఎంతవరకు మునుగును?"

ఆయన మాట్లాడేటప్పుడు కూడా ఫారంలో ఉన్నట్టే మాట్లాడతాడు. దివాకరానికి తప్పు జవాబు చెప్పడం జన్మలో చేతకాదు. "నీళ్ళలో వేస్తే మొత్తం మునుగుతుందండి."

"గట్టు మీద ఉన్నప్పుడు?"

"అస్సలు మునగదు."

మార్కండేయులు పెన్ను మూత పెట్టి ఆలోచించాడు. మళ్ళీ మూత తీశాడు. "సగటు తీసుకుందాం. ఒకటిన్నర అడుగు." మనిషి ఒకడు తెల్లరంగు డబ్బా తెచ్చి సైకిలు ఫ్రేము మీద అడ్డంగా గీత గీశాడు. ఆ గీత పైకి నీళ్ళు వస్తే ప్రయాణం మానుకోవాలి.

"లంగరు?"

దివాకరం ఇబ్బందిగా చూశాడు. వెనకనుంచి నూకరాజు అందుకున్నాడు. "స్టాండుందండి సార్. ఏత్తే కదలదు."

"మంచిది. లంగరు ఒకటి. తెడ్లు?"

"పెడల్సు రెండండి."

"తెరచాప?"

దివాకరం భుజం మీది తువ్వాలు చూపించాడు. అదీ రాసుకున్నారు.

"పడవ పేరు? పేరు లేని పడవను కాలువలోనికి అనుమతించము."

దివాకరం ఖాళీ క్యారియర్ వంక చూశాడు. "హైమవతి," అన్నాడు.

మడ్‌గార్డు మీద తెల్లరంగుతో ఆ పేరు రాశారు. ఆయనకి కాషాయరంగు లైఫ్ జాకెట్ తొడిగారు. అది నడుం దగ్గర గట్టిగా పట్టుకుని వీపుకి చక్కటి ఆసరాగా ఉంది. చాలాకాలానికి ఆయన నిటారుగా నిలబడ్డాడు.

"ఇక సిబ్బంది. ఒంటరిగా పడవ నడపరాదు. ఎదురుగాలి ఉన్నయెడల తాడు లాగు మనిషి తప్పనిసరి. ఇవాళ గాలి ఎటు?"

"ఎదురేనండి," అన్నాడు నూకరాజు మెల్లగా.

అప్పుడే కాసులమ్మ వచ్చింది. ఆమె రోజూ కొత్తలంక తోటల్లో అరటిపళ్ళు కొని, గంప నెత్తిన పెట్టుకుని, గట్టు మీద పదహారు కిలోమీటర్లు నడిచి మొగ దగ్గరున్న బెస్తపేటలో అమ్ముకుంటుంది. వెదురుగడ కింద నుంచి వంగి రాబోతుంటే మార్కండేయులు ఆపాడు.

"గట్టుపై నడుచువారు పడవ లాగువారై ఉండవలెను. నీవు ఏ పడవకు చెందినదానవు?"

"నేనే పడవకీ చెందను బాబూ," అంది కాసులమ్మ. "కట్టుకున్నోడికే సరిగ్గా చెందలేదు."

"చెందనియెడల గట్టుపై నడవరాదు."

"ఓరి నాయనో! నడవడానికి కూడా పడవుండాలా?"

నూకరాజు ఆమె చెవిలో ఏదో చెప్పాడు. ఆమె దివాకరాన్ని, ఆయన జాకెట్‌నీ, సైకిలు మీది తెల్లగీతనీ ఎగాదిగా చూసింది. "సరే, కట్టండి తాడు. పళ్ళు మాగిపోతన్నాయి."

హ్యాండిల్‌కి తాడు కట్టి రెండో కొస ఆమె భుజం మీద వేశారు. ఫొటోలు తీశారు. రిబ్బను కత్తిరించారు. పథకం ప్రారంభమయింది.

గడ దాటి పది గజాలు వెళ్ళగానే మళ్ళీ ఆపారు. గట్టు మీద సున్నంతో రెండు గీతలు గీసి ఉన్నాయి.

"ఆ గీతల మజ్జిన నిలబడండి మేష్టారూ," అన్నాడు నూకరాజు. "లాకు దించాలి."

"నేను గట్టు మీద ఉన్నాను కదయ్యా?"

"పడవ ఏదైనా లాకులో దిగాకే ఎల్లాలండి. ఆర్డరు."

పక్కన కాలువలో పై తలుపులు మూశారు. పడవ తిరిగి ఇరవయ్యేళ్ళయింది కాబట్టి అవి మూసుకోవడానికి పావుగంట పట్టింది. తర్వాత నీళ్ళు వదిలారు. తలుపుల మధ్య నీళ్ళు మెల్లగా కిందికి పోతుంటే దివాకరం, కాసులమ్మ సున్నపుగీతల మధ్య ఎండలో నిలబడి చూస్తున్నారు. గోడకి పట్టిన నాచు ఒక్కొక్క అంగుళమే బయటపడుతోంది. నలభై నిమిషాల తర్వాత నూకరాజు చెయ్యి ఊపాడు.

"దిగిపోయారండి! నాలుగడుగులు!"

"మనకేం తెలవలేదు," అంది కాసులమ్మ.

"బాగా దించారు," అన్నాడు దివాకరం. నూకరాజు మొహం వెలిగింది. "ఎల్లేటప్పుడు చింతగుంటలో మా నాన్న రాసిన పుస్తకాలు చూడండి మేష్టారూ. అద్దాలపెట్టిలో పెట్టారు, వారసత్వమని," అని వెనకనుంచి అరిచాడు.

కాసులమ్మ నడకకి సరిపడా నెమ్మదిగా సైకిలు తొక్కడం మోకాలికి నరకం. కిలోమీటరు పోయాక దివాకరం దిగి, "ఆ గంప క్యారియర్ మీద పెట్టమ్మా," అన్నాడు.

"పడవలో సరుకుంటే మళ్ళీ ఇంకో కాయితం అడుగుతారేమో!"

"ఇక్కడెవరున్నారు?"

గంప పెట్టగానే సైకిలు నడక మారింది. వెనక బరువుతో తొక్కడం ఆయన కాళ్ళకి అలవాటే. కాసులమ్మ నెత్తి మీది గుడ్డచుట్ట తీసి మెడ తుడుచుకుంటూ మడ్‌గార్డు చదివింది. ఆమెకి చదువొచ్చు.

"అమ్మగారి పేరా?"

"ఆఁ. ఇప్పుడు లేదు."

"బతికుండగా ఇలా సైకిలికి రాయిత్తే ఊరుకునేదా?"

"ఊరుకునేది కాదు," అన్నాడు దివాకరం. ఇద్దరూ నవ్వారు.

చింతగుంట చేరేసరికి రెండు కావస్తోంది. సాయంత్రం ఆపాల్సిన నీళ్ళు, ఫొటోలు అయిపోయాయని మధ్యాహ్నమే ఆపేశారు. కాలువ అంచుల్లో బురద మెరుస్తోంది. రోడ్డు మీదుగా ముందే వచ్చిన జీపు లాకు దగ్గర ఆగి ఉంది. మార్కండేయులు, నూకరాజు ఎదురుచూస్తున్నారు.

"నిలపండి. నీటిమట్టం ఒక అడుగు. మీ పడవ మునక లోతు ఒకటిన్నర. నేలకు తగిలి బోల్తాపడు ప్రమాదమున్నది."

"నేను గట్టు మీదే వెళ్తానండి."

"పడవలన్నియు అట్లే అనును," అన్నాడు మార్కండేయులు. అన్నాక తనే ఒక్క క్షణం ఆగాడు. మళ్ళీ సర్దుకున్నాడు. "జూన్‌లో రండి."

క్లాసులో ఎంత అల్లరైనా గొంతు పెంచని దివాకరం అప్పుడు పెంచాడు. "సోమవారం నాకు ఆపరేషను. జూన్‌కి నేనుంటాను, కానీ సైకిలు తొక్కలేను. తొమ్మిదే కిలోమీటర్లండి! నలభై మూడేళ్ళ నుంచి బాకీ పడి ఉన్నాయి."

"మూత ప్రకటన గతవారమే వెలువడినది. ప్రకటన తరువాత బయల్దేరిన పడవను నేను ముందుకు పంపజాలను. నాకు మాత్రం సరదానా?"

దివాకరం స్టాండు వేశాడు. మోకాలు వాచింది. నీడ కోసం లాకు వసారాలోకి వెళ్ళి అద్దాలపెట్టె పక్కన కూలబడ్డాడు. పెట్టెలో పాత పుస్తకం ఒకటి తెరిచి ఉంది. గుండ్రటి అక్షరాలు. చదవాలని చదవలేదు, కళ్ళే వెళ్ళాయి.

'కొత్తలంక లాకు. మాఘ బహుళ తదియ. ధాన్యం పడవ ఒకటి. అందులో సైకిలు ఒకటి, మనుషులు ఇద్దరు: కాలేజీ పంతులుగారు, భార్య. గమ్యం మొగ.' కింద ఈమధ్య ఎవరో తనిఖీ అధికారి ఎర్రసిరాతో రాశాడు: 'ధాన్యం పడవ మొగ చేరినది. సైకిలు, మనుషులు చేరినట్లు నమోదు లేదు. గల్లంతు. బాధ్యులెవరు?'

"ఇది నేనే," అన్నాడు దివాకరం.

మార్కండేయులు పరుగున వచ్చాడు. ఆ ఎర్రసిరా ఆయన ప్రాణాలు తోడేస్తోంది. పథకం మొదలుకాకముందే కాలువలో ఇద్దరు మనుషులు, ఒక సైకిలు గల్లంతని పైనుంచి మూడు తాఖీదులు వచ్చాయి. "మీరా? ఇన్నాళ్ళూ ఎక్కడున్నారు?"

"ఇంట్లో ఉన్నానండి."

"అదే సైకిలా?"

"టైర్లు మార్చాను."

కాసులమ్మ చేతులు తిప్పింది. "పుస్తకంలో దిగలేదంటే, ఈయన అప్పట్నించీ దారిలోనే ఉన్నాడన్నమాటేగా!"

నూకరాజు గొంతు సవరించుకున్నాడు. తండ్రి చిన్నప్పుడు వల్లె వేయించిన నిబంధన అతనికి నోటికొచ్చు. "మూత ప్రకటనకు పూర్వమే బయల్దేరి ప్రయాణములో నున్న పడవను గమ్యము చేరువరకు ఎవ్వరును నిలపరాదు."

మార్కండేయులు నిబంధనావళి తీసి చూశాడు. ఉంది. ఆయన మొహంలో నిజమైన ఆనందం కనిపించింది. వచ్చినప్పటి నుంచీ ఆయనకి ఒక మనిషిని ముందుకు పంపే నిబంధన దొరకడం ఇదే మొదటిసారి.

"అయితే సదరు ప్రయాణమును కొనసాగించండి. సైకిలు ఒకటి, సరే. మనుషులు ఇద్దరు..." ఆయన వేలు కాగితం మీద ఆగింది. "రెండవవారు?"

"పోయి రెండేళ్ళయిందండి," అన్నాడు దివాకరం.

మార్కండేయులు మడ్‌గార్డు మీద తను రాయించిన పేరు చూశాడు. చాలాసేపు కాగితంలోకి చూశాడు. "ఆ గడి మొగ వద్ద నింపవలసినది," అన్నాడు చివరికి. "ఇక్కడ నింపరాదు. మీరు వెళ్ళండి."

కాసులమ్మ ఎవరూ చెప్పకుండానే క్యారియర్ మీది గంప తీసి నెత్తిన పెట్టుకుంది. తాడు విప్పేసింది. క్యారియర్‌ని కొంగుతో ఒకసారి తుడిచింది.

పుస్తకాన్ని గుడ్డలో చుట్టుకుని నూకరాజు, జీపులో వేసి తెచ్చుకున్న తన సైకిలు మీద వెనక బయల్దేరాడు. కాసులమ్మ నడిచింది. ఈసారి ఆమె ఏ పడవకు చెందుతుందో ఎవరూ అడగలేదు. కొబ్బరితోటలు పలచబడ్డాయి. ఉప్పుగాలి తగిలింది. చేపల చెరువుల మీద కొంగలు లేచాయి. మోకాలు నొప్పి పుట్టినప్పుడల్లా దివాకరం దిగి నడిచాడు. నొప్పి తగ్గినప్పుడు ఎక్కాడు. మధ్యలో ఒకచోట గట్టు పల్లంగా ఉంది. తొక్కకుండానే సైకిలు రెండొందల గజాలు పోయింది. ఆయన హ్యాండిల్ వదలకుండా కళ్ళు మాత్రం మూసుకున్నాడు.

మొగ దగ్గర గట్టు అయిపోయింది. మడచెట్లు, బూడిదరంగు నీళ్ళు, అవతల అలల తెల్లటి అంచు. అంతే. పెద్దగా చూడ్డానికేమీ లేదు. మజ్జిగ ఇంకా చల్లగానే ఉంది.

నూకరాజు ఇసకలో గొంతుక్కూర్చుని, తొడ మీద పుస్తకం తెరిచాడు. తండ్రి రాసిన వరసకి ఎదురుగా ఖాళీ గళ్ళున్నాయి. 'సైకిలు: ఒకటి' అని రాశాడు. 'చేరిన మనుషులు' దగ్గర పెన్ను ఆపాడు.

"ఒకరని రాయవయ్యా. నిజం అదేగా," అన్నాడు దివాకరం.

"ఒకరని రాత్తే, అమ్మగారు ఆ ఎర్రసిరాలోనే ఉండిపోతారండి. గల్లంతులో." నూకరాజు తలెత్తలేదు. "మా నాన్న ఇద్దర్ని ఎక్కించాడు. నేను ఇద్దర్నీ దింపుతాను." 'ఇద్దరు' అని రాసి, పుస్తకం ఆయన చేతికిచ్చాడు. "ఆలస్యానికి కారణం మీరే రాయాలండి. మీ దస్తూరీతో."

దివాకరం కళ్ళజోడు తుడుచుకుని రాశాడు: 'మా ఆవిడకు పడవ పడదు.'

వర్షాకాలం వచ్చింది. మోకాలు బాగుపడింది. ఒకరోజు ఆయన బస్సులో వెళ్తూ కొత్తలంక వంతెన దగ్గర కిటికీలోంచి చూశాడు. వెదురుగడ అలాగే ఉంది. కొత్త బోర్డు పెట్టారు. జూన్ నుంచి ఎనభై ఆరుమంది దరఖాస్తు చేశారట. కొందరికి లంగరు లేదు, కొందరికి తెరచాప లేదు, మిగతావాళ్ళు లాకు దిగుతుండగా విసిగి ఇంటికి పోయారు. కనక పథకం కింద ఇంతవరకు పూర్తయిన ప్రయాణం ఒక్కటే. దాన్నిబట్టి మార్కండేయులు పర్యాటకుల సౌకర్యార్థం లెక్క కట్టించి రాయించాడు.

'కొత్తలంక నుండి మొగకు సైకిలుపై సగటు ప్రయాణ సమయం: నలభై మూడు సంవత్సరముల రెండు నెలలు. తాగునీరు వెంట తెచ్చుకొనవలెను.'

దివాకరం మాఘం నుంచి చైత్రం దాకా వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. సరిగ్గానే ఉంది.